అప్పు మాఫీ చెయ్యమని సంఘ పెద్ద అడిగారు, ప్రభువు ప్రార్థన చేసేవాడిగా నేనేం చెయ్యాలి?

మారతహళ్ళి నెల్లూరోడు:
అందరికీ వందనాలు. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మా సహవాసంలోనే ఉండే ఒక బ్రదర్ కర్రీ పాయింట్ పెట్టుకుంటానంటే 3 లక్షలు ఇచ్చాను. నూటికి రూపాయి వడ్డీ, ప్రామిసరీ నోటు రాసుకున్నాం. నా దగ్గర అంత లేకపోతే మా ఆవిడ గాజులు కుదువ పెట్టి కలిపి ఇచ్చాం. మొదట్లో బాగానే కట్టాడు. నోటు వెనకాల రెండు చెల్లులు ఉన్నాయి, ఒకటి 15,000, ఇంకోటి 10,000, రెండింటి కిందా ఆయన సంతకం, రెండో సంతకం కొంచెం వణికినట్టు ఉంటుంది. ఆ తర్వాత చుట్టుపక్కల పీజీలు ఖాళీ అయి బేరం పడిపోయింది, షాపు మూసేశాడు. ఇప్పుడు బైకు మీద డెలివరీలకి వెళ్తున్నాడు.

వాళ్ళమ్మ ఒంగోలు నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకి పిలిచి, "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము అని ప్రతివారం పరలోక ప్రార్థనలో చెప్తున్నాం కదా బ్రదర్, ఆ నోటు చింపెయ్యండి, దేవుడు రెండింతలు ఇస్తాడు" అన్నారు. నేనేం మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చాక, గాజులు విడిపించేది ఎవరు అని అడిగింది.

నాకు ఆ బ్రదర్ మీద కోపం లేదు, నిజంగా లేదు. కానీ ఆ రోజు నుంచి పరలోక ప్రార్థనలో ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు ఆగిపోతోంది. ఆ మాట డబ్బు గురించేనా? ఒకరి తరఫున ఇంకొకరు వచ్చి అడిగినప్పుడు కాదంటే దేవుడికే కాదన్నట్టా? తెలిసినవాళ్ళు చెప్పండి.

హొసూరు రోడ్డు:
బ్రదర్, డబ్బు వేరు, క్షమాపణ వేరు. ఆ ప్రార్థనలో ఋణములంటే పాపాలు, లూకా 11లో పాపములనే ఉంది చూసుకోండి. అప్పు తీసుకున్నవాడు తీర్చాలి, రోమా 13:8 కూడా ఎవరికీ ఏమీ బాకీ ఉండొద్దనే చెప్తోంది. మనసులో క్షమించండి, నోటు మాత్రం జాగ్రత్త చేసుకోండి.

కేఆర్ పురం సిస్టర్:
అంత తేలిగ్గా విడదీయలేం అన్నయ్యా. ఆ ప్రార్థన మొదట విన్నవాళ్ళు ఎవరు? రోజు కూలీలు, కౌలు రైతులు, జాలర్లు. అప్పు కట్టలేకపోతే పిల్లల్ని దాసులుగా ఇవ్వాల్సి వచ్చిన జనం. వాళ్ళ ముందు అప్పు అనే మాట అంటే ముందు వాళ్ళకి గుర్తొచ్చేది అప్పే. ద్వితీయోపదేశకాండం 15 చదవండి, ఏడేళ్ళకోసారి విడుదల. పైగా ఏడో ఏడు దగ్గరపడింది, ఇప్పుడిస్తే తిరిగిరాదు అని చెయ్యి బిగబట్టొద్దని కూడా అక్కడే రాసి ఉంది. లేవీయకాండం 25లో 50వ ఏడు సునాద సంవత్సరం, ఇంగ్లీషులో జూబిలీ, అమ్ముకున్న పొలం తిరిగి ఆ కుటుంబానికే రావాలి. ఇదంతా మనసులో జరిగే క్షమాపణ గురించా? పొలాల గురించి, చెరసాల గురించి, ఆకలి గురించి.

2000వ సంవత్సరం దగ్గరపడినప్పుడు పేద దేశాల అప్పులు రద్దు చెయ్యమని ప్రపంచమంతా సంఘాలు కలిసి ఉద్యమం చేశాయి, దాని పేరే జూబిలీ 2000. ఆ సునాద సంవత్సరాన్ని చూపించే అడిగారు. దేశాల అప్పుల దగ్గర ఆ వాక్యం డబ్బు గురించి అయినప్పుడు మన ఇంటి బీరువా దగ్గరికి వచ్చేసరికి మనసు గురించి ఎలా అవుతుంది?

మారతహళ్ళి నెల్లూరోడు:
సిస్టర్, మీ మాట కాదనను. కానీ బీరువాలో నోటు ఉంది, గాజులు లేవు. నేను వడ్డీ వ్యాపారిని కాదు, జీతగాణ్ణి. పేదవాడికి ధనవంతుడు మాఫీ చెయ్యడం ఒకటి, ఇద్దరూ ఈఎంఐలు కట్టుకునేవాళ్ళే అయినప్పుడు ఇంకొకటి.

వాక్య విద్యార్థి:
వందనాలు అన్నా. మత్తయి 18లో రాజు ఉపమానాన్ని మనం ఎప్పుడూ హడావుడిగా చదివేస్తాం, ఒక్కసారి లెక్కలతో సహా చూద్దాం, మీ ప్రశ్నకి చాలావరకు అక్కడే జవాబు ఉందని నా నమ్మకం.

మొదటి దాసుడు రాజుకి పడ్డ అప్పు 10,000 తలాంతులు. ఒక తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు, ఒక దేనారం అంటే మత్తయి 20లో ద్రాక్షతోట కూలివాడికి ఇచ్చిన ఒక రోజు కూలి. అంటే 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పనిచేసినా 2 లక్షల ఏళ్ళు పడుతుంది. ఆ మొదటివాడికి రెండో దాసుడు బాకీ ఉన్నది 100 దేనారాలు. ప్రసంగాల్లో దీన్ని చిల్లర డబ్బులన్నట్టు చెప్పేస్తారు, అది సరికాదు. ఇక్కడ సైట్లో పనిచేసే మనిషికి రోజుకి 800 లెక్కేసుకున్నా అది 80,000 రూపాయలు. పేదవాడి చేతిలోంచి పోతే బాధ పడాల్సిన సొమ్మే. అంటే మీ 3 లక్షలు నొప్పి కాదని ప్రభువు అనడం లేదు. నొప్పి ఉందని తెలిసే ఆ కథ చెప్పాడు.

ఇప్పుడు అసలు విషయం. ఇద్దరు దాసులూ ఏం అడిగారో చూడండి. ఇద్దరి నోటా ఒకటే మాట, నా యెడల ఓర్చుకొనుము, చెల్లిస్తాను. ఇద్దరూ మాఫీ అడగలేదు! గడువు అడిగారు. మొదటివాడు అడిగినదానికంటే రాజు ఎక్కువ ఇచ్చాడు, మొత్తం వదిలేశాడు. అంతా వదిలించుకుని బయటికొచ్చినవాడు తన తోటివాడికి కనీసం గడువు కూడా ఇవ్వలేదు, గొంతు పట్టుకుని చెరసాలలో వేయించాడు. రాజుకి కోపం వచ్చింది అందుకు. కాబట్టి నోటు చింపడం, చెరసాలలో వేయించడం అని రెండే దారులు లేవు. మధ్యలో గడువు ఉంది. అది కూడా ఇవ్వనివాడి గురించే ఆ ఉపమానం అంత కఠినంగా ముగిసింది.

ఇంకొకటి, ఆ కథలో మధ్యవర్తులు కూడా ఉన్నారు. తోడి దాసులు. జరిగింది చూసి చాలా దుఃఖపడి వెళ్ళి రాజుతో చెప్పారు. చెరసాలలో ఉన్నవాడి తరఫున మాట్లాడింది వాళ్ళే. విజ్ఞాపన అంటే మనకి గుర్తొచ్చేది మోకాళ్ళ మీద చేసే ప్రార్థన, ఇక్కడ మాత్రం ఒక అప్పులవాడి కోసం నలుగురు కలిసి పెద్దాయన దగ్గరికి నడిచి వెళ్ళడం.

హొసూరు రోడ్డు:
గడువు అనే మాట నేనెప్పుడూ గమనించలేదు తమ్ముడూ. మళ్ళీ చదివాను, నిజమే.

తెనాలి కుర్రాడు:
నేను హిందువుని, మా రూమ్మేట్ ఈ చర్చ చూపిస్తే చదువుతున్నాను. తప్పుగా అనుకోకండి, చాలా రోజుల నుంచి ఉన్న సందేహం. మన పాపాల అప్పు యేసు కట్టేశాడు అంటారు. దేవుడు క్షమించాడు అని కూడా అంటారు. రెండూ ఎలా కుదురుతాయి? నా అప్పు మా మావయ్య కట్టేస్తే బ్యాంకు నన్ను క్షమించినట్టు కాదు, బ్యాంకుకి దాని డబ్బు దానికి వచ్చేసింది అంతే. కడితే మాఫీ కాదు, మాఫీ అయితే కట్టక్కర్లేదు.

వాక్య విద్యార్థి:
తమ్ముడూ, ఈ ప్రశ్న మీద పెద్ద పెద్ద వేదాంతులు శతాబ్దాల పాటు వాదించుకున్నారు. 11వ శతాబ్దం చివర్లో ఆన్సెల్మ్ అనే బిషప్పు దీని మీద ఒక పుస్తకమే రాశాడు. మనిషి దేవుడికి ఇవ్వాల్సిన ఘనత ఇవ్వకుండా బాకీ పడ్డాడు, ఆ బాకీ తీర్చాల్సింది మనిషే, తీర్చగలిగింది దేవుడొక్కడే, అందుకే దేవుడు మనిషయ్యాడు అని ఆయన వాదన.

నాకు తృప్తినిచ్చిన జవాబు చెప్తాను. నీ లెక్కలో ముగ్గురు వేరువేరు మనుషులున్నారు, నువ్వు, మావయ్య, బ్యాంకు. మా విశ్వాసంలో మావయ్యా బ్యాంకూ వేరు కాదు. ఎవరికి బాకీ ఉన్నామో ఆయనే దిగివచ్చి నష్టం తన మీద వేసుకున్నాడు. 2 కొరింథీ 5:19లో దేవుడు క్రీస్తునందు లోకాన్ని తనతో సమాధానపరచుకున్నాడు అని ఉంటుంది, బయటి మనిషెవరో వచ్చి దేవుణ్ణి శాంతింపజేశాడని కాదు. ఇప్పుడు ఉపమానంలో రాజు దగ్గరికి రా. ఆయన అప్పు వదిలేసినప్పుడు ఆ 10,000 తలాంతులు ఎక్కడికి పోయాయి? గాల్లో కలిసిపోలేదు. రాజు ఖజానాలోనే లోటు పడింది. ఏ మాఫీ అయినా అంతే, వదిలేసినవాడు ఆ నష్టాన్ని మోస్తాడు. కొలస్సీ 2:14లో మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని సిలువకి మేకులతో కొట్టాడని పౌలు రాశాడు. ఆ మేకులు దిగింది పత్రంలోకే కాదు కదా.

తెనాలి కుర్రాడు:
అప్పిచ్చినవాడే మోశాడు అంటే అర్థమైంది. థాంక్స్ అన్నా.

పెరంబూరు అక్క:
నేను చెన్నై నుంచి, మేము కథోలికులం, మా తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. మధ్యవర్తి గురించి నెల్లూరు తమ్ముడు మొదట్లో అడిగిన దానికి ఎవరూ సరిగ్గా రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. మేము రోజూ జపమాలలో పాపాత్ములమై ఉండెడు మా కొరకు ప్రార్థించండి అని మరియ తల్లిని అడుగుతాం. ఆగస్టు 29న బెసంట్ నగర్ వేళాంగణ్ణి గుడిలో జెండా ఎగరేసిన దగ్గర నుంచి సెప్టెంబరు 8 పండుగ దాకా ఎంతమంది ఎన్ని మొక్కులు పట్టుకుని వస్తారో చూడాలి. మీ బెంగళూరులో శివాజీనగర్ సెయింట్ మేరీస్ బసిలికాలోనూ అవే తేదీలు. ఆ వరసల్లో అప్పుల బాధతో వచ్చేవాళ్ళు చాలామంది. పోయినసారి నా ముందు నిలబడిన ఒకామె చీర కొంగులో చీటీపాటల పుస్తకం చుట్టి పట్టుకుంది, దాని అట్ట చెమటకి తడిసి రంగు ఆమె వేళ్ళకి అంటుకుంది. ఏమ్మా అంటే, అమ్మతో చెప్పుకుంటే అమ్మ కొడుకుతో చెప్తుంది అంది.

వేరేవాళ్ళు మన కోసం అడగడం అంటే మనం ఒంటరిగా లేమని అర్థం. తమ్ముడూ, ఆ తల్లి ఒంగోలు నుంచి ఫోన్ చేసి ఏడవడం కూడా విజ్ఞాపనే. విసుక్కోకు.

హొసూరు రోడ్డు:
అక్కా, గౌరవంతోనే అంటున్నా. 1 తిమోతి 2:5 ప్రకారం దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే. ఇంకొకరి ద్వారా వెళ్ళాల్సిన పని లేదు. హెబ్రీ 7:25లో ఆయనే మన కోసం విజ్ఞాపన చెయ్యడానికి నిరంతరం జీవిస్తున్నాడు.

పెరంబూరు అక్క:
నువ్వు చెప్పిన వచనానికి నాలుగు వచనాల ముందే మనుష్యులందరి కోసం విజ్ఞాపనలు చెయ్యండని పౌలే రాశాడు నాయనా. మీ సంఘంలో ప్రతి శుక్రవారం ఒకరి కోసం ఒకరు ప్రార్థన చేసుకోరూ? అప్పుడు మీరంతా క్రీస్తు స్థానంలో కూర్చున్నట్టా? కాదు కదా. పరలోకంలో ఉన్నవాళ్ళని కూడా అలాగే అడుగుతాం. మరియ తల్లి పాత్ర క్రీస్తు ఏకైక మధ్యవర్తిత్వాన్ని ఏమాత్రం తగ్గించదని మా కథోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1964లో స్పష్టంగానే రాసింది. చనిపోయిన పరిశుద్ధుల్ని అడగొచ్చా లేదా అన్న దగ్గర నువ్వూ నేనూ ఒప్పుకోం, సరే. ఒకరి కోసం ఇంకొకరు అడగడం వాక్యంలో ఉందన్నది మాత్రం ఇద్దరం ఒప్పుకుంటాం.

హొసూరు రోడ్డు:
అది ఒప్పుకుంటా అక్కా.

కేఆర్ పురం సిస్టర్:
అడగడం ఉంది, కానీ ఎలా అడిగారు అన్నది ముఖ్యం. సొదొమ కోసం అబ్రాహాము, 50 మంది నీతిమంతులుంటే ఆ ఊరిని వదిలెయ్యవా అని మొదలుపెట్టి 10 మంది దాకా దేవుణ్ణి బతిమాలాడు, ధూళిని బూడిదని అనుకుంటూనే వదల్లేదు. మోషే ఇంకా ముందుకెళ్ళాడు, వీళ్ళ పాపం క్షమించు, లేదంటే నీ గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్ అన్నాడు.

ఇక ఫిలేమోను పత్రిక. 25 వచనాలే, ఈ సమస్య మీదే రాసినట్టుంటుంది. ఒనేసిము తన యజమాని ఫిలేమోను దగ్గర నుంచి వెళ్ళిపోయిన దాసుడు, ఏదో నష్టం కూడా చేసినట్టున్నాడు. పౌలు చెరసాలలో ఉండి అతని కోసం ఫిలేమోనుకి రాస్తున్నాడు. అపొస్తలుణ్ణి కాబట్టి ఆజ్ఞాపించగలను, అయినా ప్రేమనుబట్టి వేడుకుంటున్నాను అన్నాడు. అక్కడితో ఆగలేదు. అతడు నీకేమైనా నష్టం చేసి ఉంటే, నీకేమైనా బాకీ ఉంటే, అది నా లెక్కలో చేర్చుము, నా స్వహస్తముతో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అన్నాడు. చెరసాలలో సంకెళ్ళతో ఉన్న ముసలాయన!

నేను మాఫీ పక్షమే, ఇప్పటికీ అదే చెప్తాను. కానీ అన్నయ్యని పక్కకి పిలిచి నోటు చింపెయ్యమన్న పెద్దాయన ఇందులో ఒక్క మాటైనా అన్నారా? ఆయన దేవుడు రెండింతలు ఇస్తాడు అన్నారు. పౌలు నేను ఇస్తాను అన్నాడు. ఇంకొకరి జేబులోంచి క్షమాపణ అడగడానికి నోరు తెరిచినప్పుడు మన చెయ్యి మన జేబులోకి కూడా వెళ్ళాలి. లేకపోతే అది విజ్ఞాపన కాదు, ఒత్తిడి. మందిరంలో పదిమందీ చూస్తుండగా చేసే ఒత్తిడి మరీ బరువు.

బ్యాంకు బాబాయి:
ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, ఇప్పుడు చెన్నై అన్నానగర్‌లో ఉంటున్నా. సిస్టర్ చెప్పింది చట్టం భాషలోనూ నిజమే. 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అసలు అప్పుదారుకి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే, వేరే షరతు రాసుకుంటే తప్ప. సంతకం పెట్టే రోజున స్నేహితుడి కోసం అని నవ్వుతూ పెడతారు, నోటీసు వచ్చిన రోజున ఆ ముఖాలు చూడలేం. సామెతలు 6లో చెలికాని కోసం పూటబడితే, అంటే హామీ ఉంటే, నిద్రపోకుండా వెళ్ళి బతిమాలుకో అని సొలొమోను ఊరికే అనలేదు. అదే వాక్యం మళ్ళీ హెబ్రీ 7:22లో యేసు మన నిబంధనకు పూటకాపు అయ్యాడు అంటుంది. మనిషికి వద్దన్న సాహసం ఆయన చేశాడు. నా సర్వీసులో పూట అంటే ఏమిటో చూశాను కాబట్టి ఆ వచనం చదివినప్పుడల్లా నా కళ్ళు చెమరుస్తాయి.

వడ్డీ గురించి కూడా ఒక మాట. నెహెమ్యా 5లో కరువులో జనం పొలాలు కుదువ పెట్టి, పిల్లల్ని దాస్యానికి పంపి గగ్గోలు పెడితే, అక్కడ అధిపతిగా ఉన్న నెహెమ్యా ప్రధానులందర్నీ సమకూర్చి పొలాలూ ఇళ్ళూ తిరిగి ఇచ్చెయ్యమన్నాడు, తీసుకుంటున్న నూరవ భాగం కూడా వదిలెయ్యమన్నాడు. అది నెలకి నూరవ భాగమని చాలామంది వ్యాఖ్యాతలు చెప్తారు. అంటే మన లెక్కలో నూటికి రూపాయి. నిన్ను వేలెత్తి చూపడానికి కాదు బాబూ, మన ఊళ్ళలో అది ధర్మవడ్డీ అనుకుంటాం కాబట్టి చెప్తున్నా. ఆ అధ్యాయంలో నాకు నచ్చేది, నెహెమ్యా తను కూడా, తన బంధువులూ పనివాళ్ళూ కూడా అప్పిచ్చినవాళ్ళమే అని చెప్పి ముందు తనని కలుపుకునే మాట్లాడాడు.

మారతహళ్ళి నెల్లూరోడు:
అన్నీ చదివాను, మా ఆవిడ కూడా చదివింది. ఇద్దరం మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చాం. వడ్డీ ఇప్పటిదాకా ఉన్నదీ ఇకమీదటిదీ మొత్తం వదిలేస్తున్నాం, నెహెమ్యా చదివాక ఆ వడ్డీ తీసుకోలేను. అసలుకి గడువు ఇస్తాం, నెలకి ఎంత వీలైతే అంత. ఆయన ఇంటికి వెళ్ళి అడగను. ద్వితీయోపదేశకాండం 24లో అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి వెళ్ళకూడదు, బయటే నిలబడాలి అని ఉంది, అది మా ఆవిడే చూపించింది. వాళ్ళమ్మగారికి ఈ రాత్రే ఫోన్ చేస్తాను. గాజుల కోసం మిగిలింది మేమే చూసుకుంటాం.

సంఘ పెద్దగారికి ఫిలేమోను 18వ వచనం చూపించాలా వద్దా అన్నదే ఇంకా తేల్చుకోలేదు.

కేఆర్ పురం సిస్టర్:
చూపించండి అన్నయ్యా, నలుగురిలో కాదు, విడిగా. నిందలా కాకుండా, మనమందరం కలిసి ఈ బ్రదర్ కోసం నెలకి కొంత వేద్దామా అని అడగండి. ఆయన మంచి మనసుతోనే వచ్చి ఉంటారు, వాళ్ళమ్మ ఏడుపు ఆయనా విని ఉంటారు. మా సహవాసంలో ఒకామె ఆసుపత్రి బాకీ అలాగే తీర్చాం. ఒకవేళ ఆ బ్రదర్ నిజంగానే ఎప్పటికీ కట్టలేని స్థితికి వస్తే మాత్రం అసలు గురించి కూడా మళ్ళీ ఆలోచించండి, ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

పెరంబూరు అక్క:
తమ్ముడూ, మీ ఆవిడకి నా ఆశీస్సులు చెప్పు. మీ ఇద్దరి పేర్లూ, ఆ అబ్బాయి పేరూ నాకు విడిగా మెసేజ్ చెయ్యి, రేపటి పూజలో పెడతాను.

బ్యాంకు బాబాయి:
ఒక పని మర్చిపోకు బాబూ. వడ్డీ వదిలేస్తున్నట్టు నోటి మాటగా కాకుండా నోటు వెనకే రాసి, తేదీ వేసి, నువ్వు సంతకం చెయ్యి, ఒక ఫోటో తీసి ఆ అబ్బాయికి పంపు. రేపు నీకేదైనా అయితే మీ పిల్లలు ఆ వడ్డీ అడగకూడదు. అలాగే నోటు మీద కోర్టుకి వెళ్ళే గడువు 3 ఏళ్ళు, ఆ లోపు ఆ అబ్బాయి కొంతైనా కట్టి తన చేత్తో రాసి గానీ సంతకం పెట్టి గానీ చెల్లు వేస్తే అక్కడి నుంచి మళ్ళీ 3 ఏళ్ళు. రెండో చెల్లు తేదీ ఏమిటో ఒకసారి చూసి ఇక్కడ రాయి.